కొల్లేరులో కదలని మట్టి కోసం

తెల్లవారుజామున ఏలూరు స్టేషన్‌లో దిగినప్పుడు మా దగ్గర బట్టల సంచులకన్నా మట్టి తీసే సరంజామా ఎక్కువగా ఉంది. నాలుగు పొడవాటి పీవీసీ గొట్టాలు, వాటికి రబ్బరు మూతలు, నైట్రిక్ ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన సీసాలు, ఐసు పెట్టె, అటవీశాఖ ఇచ్చిన అనుమతి పత్రం, అన్నీ జీపులోకి ఎక్కించుకొని నేనూ, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయీ కైకలూరు రోడ్డు పట్టాం. జనవరి నెల కావడంతో మంచు దట్టంగా ఉంది. పెద్దఎడ్లగాడి వంతెన చేరేసరికి కొంచెం విడింది. ఎటు చూసినా నీళ్లే. ఆ నీళ్లను గళ్లుగళ్లుగా కోస్తూ చేపల చెరువుల గట్లు కొల్లేటి చాంతాడులా సాగిపోతూ ఉంటే, వీటిలో సరస్సు ఎంతో, చెరువు ఎంతో పోల్చుకోవడం నావల్ల కాలేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, 68 దాకా ఉన్న పెద్దా చిన్నా కాలువలూ, మురుగు కాలువలూ తెచ్చినదంతా ఇందులోకే చేరుతుంది. బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి, అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు వరద కూడా చివరికి వచ్చి చేరింది ఇక్కడికే. పొలాల్లో చల్లిన ఎరువులు, పురుగుమందులు, పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, చేపల చెరువుల నుంచి తోడి వదిలే నీరు, అన్నీ కలిసి వచ్చి ఈ పల్లంలో నిదానిస్తాయి. నీరు నిదానించిన చోట మోసుకొచ్చిన బరువు దించుతుంది. సీసం, కాడ్మియం, రాగి, జింకు వంటి లోహాలు చాలావరకు సన్నని బంకమట్టి రేణువులనూ, కుళ్లిన ఆకులలములనూ పట్టుకొని వాటితోపాటే అడుగుకు దిగుతాయి. అందువల్ల ఇవాళ ముంచిన సీసాడు నీరు ఇవాళ్టి సంగతే చెబుతుంది, రేపు వాన పడితే ఆ లెక్క మారిపోతుంది. అడుగున పొరలుగా పేరుకొన్న ఒండ్రులోనైతే దశాబ్దాల లెక్క ఉంటుంది. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని మన దేశం 1989లో నిషేధించింది, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఆ మందుల జాడ ఏ పొరలో మొదలై ఏ పొరలో తగ్గిందో చూడగలిగితే, ఆ నిషేధాలు పొలం గట్టు దాకా వచ్చాయో లేదో తెలుస్తుంది. నన్ను ఇంతదూరం రప్పించిన ప్రశ్న అదే.

పొర వయసు తెలుసుకోవడానికి సీసం-210 అనే రేడియోధార్మిక రూపం పనికొస్తుంది. గాలిలోంచి రాలి మట్టిలో చేరిన ఆ సీసం దాదాపు 22 ఏళ్లకొకసారి సగమవుతుంది కనుక, లోతుకు పోయేకొద్దీ అది ఎంత తగ్గిందో కొలిచి సుమారు వందేళ్ల వెనక్కి లెక్కకట్టవచ్చు. అయితే ఆ మట్టిని ఎవరూ కదిలించి ఉండకూడదు. కొల్లేరులో అసలు కష్టం అక్కడే వస్తుంది. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాల పేరిట మొదలైన చెరువులు పోనుపోను పెద్ద పెట్టుబడుల చేతికి చిక్కి సరస్సును కమ్మేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యం లోపలి చెరువుల గట్లను కూల్చివేశారు. చెరువు తవ్వినప్పుడు కిందిమట్టి పైకి వచ్చింది, గట్టు కూల్చినప్పుడు ఆ మట్టే చెల్లాచెదురుగా మళ్లీ నీళ్లలో పడింది. కూల్చివేత అవసరమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను, కానీ కాలక్రమం చెరిగిపోయిన చోట మట్టి ఎంత తీసినా అది చెప్పేది ఏమీ ఉండదు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడికి కాస్త దూరంలో పడవ ఎక్కాం. పడవ నడిపే పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. ఉపగ్రహ చిత్రాలు చూసి నేను నెల రోజుల ముందే ఎంచుకొన్న మొదటి చోటుకు చేరగానే, ఆయన గెడను అడుగుకు దించి, రెండుసార్లు తిప్పి పైకి లాగి, కొనకు అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూశారు.

“ఇది కాదమ్మా, ఇది కలబెట్టిన మట్టి. ఇక్కడ చెరువుండేది, గట్టు కొట్టేసినప్పుడు ఇటే పడింది. చూడండి, పెళ్లలు తగులుతున్నాయి” అన్నారు.

“మరి పొక్లెయిన్ దిగని చోటంటూ ఎక్కడైనా ఉందా బాబాయ్?” అని అడిగాను.

“పాత మడుగుంది. లోతెక్కువని అక్కడెవరూ గట్టు వెయ్యలేదు. మా నాన్న అక్కడే చేపలకు మావులు పెట్టేవాడు. అప్పట్లో ఆ నీళ్లే తాగేవాళ్లం.”

గుర్రపుడెక్కను గెడతో పక్కకు నెట్టుకుంటూ అక్కడికి పోవడానికి గంట పట్టింది. మొదటిసారి గొట్టం దించి పైకి లాగేటప్పుడు సగం మట్టి జారి నీళ్లలో కలిసిపోయింది. పైమూత సరిగా బిగించకపోవడం నా పొరపాటే. రెండోసారి ఆయన అడగకుండానే ఛాతీలోతు నీళ్లలోకి దిగి, గొట్టం అడుగు నీటిమట్టానికి రాకముందే కింద అరచెయ్యి పెట్టి, రబ్బరు మూత బిగించేదాకా అలాగే పట్టుకొన్నారు. చలికి ఆయన చేతులు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది, కానీ గొట్టం మాత్రం కదల్లేదు.

ఒడ్డున రేకుల పాక కింద గొట్టాన్ని నిలువునా చీల్చి తెరిచాం. పైన గోధుమరంగు పొర ఒకటి, గోరు మందం కూడా లేదు, గాలి సోకేది అంతవరకే. దాని కింద జానెడు నల్లటి బురద. ఆ కింద బూడిదరంగు బంకమట్టి, అందులో మినపగింజంత నత్తగుల్ల ఒకటి తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. పొరకూ పొరకూ మధ్య గీత కత్తితో గీసినట్టు ఉండటం చూసి నాతో వచ్చిన అమ్మాయి నా వైపు తిరిగింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కంటికి తెలిసినంతవరకు ఆ మట్టిని ఎవరూ కదపలేదు.

నల్లబురదను కొయ్యగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ప్రాణవాయువు అందని చోట ఏర్పడే సల్ఫైడు వాసన అది. ఆ సల్ఫైడే లోహాలను కట్టిపడేస్తుంది. బురదను తవ్వి గాలికి ఆరబెడితే ఆ కట్టు వీడి లోహాలు తిరిగి నీటిలోకి రావచ్చు. పొక్లెయిన్ కదిపిన మట్టిని చూసి నేను బాధపడేది పరిశోధన పాడైందని మాత్రమే కాదు, అడుగున అణిగి ఉన్నది మళ్లీ చేపల దాకా, మనుషుల దాకా వస్తుందని కూడా. సెంటీమీటరుకొక ముక్క చొప్పున కోస్తూ, లోహాల పరీక్షకు వెళ్లేదాన్ని ప్లాస్టిక్ చెంచాతో తీసి ప్లాస్టిక్ సంచిలోనూ, పురుగుమందుల పరీక్షకు వెళ్లేదాన్ని ప్లాస్టిక్ తగలకుండా అల్యూమినియం రేకు వేసిన గాజుసీసాలోనూ పెట్టాం. ఒకే మట్టికి ఒకదానికొకటి పడని రెండు నియమాలు. అలసిపోయిన చేతులు పొరపాటు చేసేది ఇక్కడే కనుక, ప్రతి ముక్కనూ పైకి చదివి రాసుకొన్నాం.

మధ్యాహ్నం ఉప్పుటేరు వైపు ఇంకో చోట మట్టి తీశాం. అక్కడ పెద్దగా చెప్పుకోవలసినదేమీ లేదు, ఇసుక పాలు ఎక్కువ. తిరిగి వస్తూ ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర కాసేపు ఆగాం. పెలికాన్లు గూళ్ల మీద రెక్కలు ముడుచుకొని కూర్చొని ఉన్నాయి. అవి తినే చేపలు ఈ మట్టి మీదే బతుకుతాయి.

ఐసు పెట్టె కట్టేటప్పుడు పెద్దాయన లెక్క ఎప్పటికి తేలుతుందని అడిగారు. సీసం-210 పరీక్షకు మట్టిని ఆరబెట్టి, పొడిచేసి, గాలి చొరకుండా మూసి మూడు వారాలు ఉంచిన తర్వాతనే కొలత మొదలవుతుందనీ, అన్నీ పూర్తయ్యేసరికి ఎండాకాలం వస్తుందనీ, అప్పుడు నేనే వచ్చి చెబుతాననీ అన్నాను. నోటుబుక్కులో అక్షాంశ రేఖాంశాల పక్కన ‘పాత మడుగు’ అని రాస్తుంటే ఆయన వంగి చూశారు.

“ఎండాకాలం వస్తే అక్కడికి పడవ పోదమ్మా, నీళ్లుండవు. వానలు పడ్డాక రండి” అన్నారు.