బెంగళూరు బసవనగుడి పాత ఇంటికి వేణ్ణీళ్ల ఏర్పాటు: లీటర్లు, బరువు, పైపులు

ఇంటి కప్పు మద్రాస్ టెర్రస్ అనే పాతకాలపు రకం. స్నానాలగది మూలలో కట్టెల పొయ్యి మీద రాగి బాయిలర్ ఉంది కానీ దాని పొగగొట్టం బీటలు వారింది. బదులుగా మిద్దె మీద గాజు గొట్టాల సోలార్, కింద 15 లీటర్ల గీజర్ పెడుతున్నాం. కొలతలు, ఇనుప పని అయ్యాయి. పైపులు సగం అయ్యాయి.

ముందు లీటర్ల సంగతి. మనిషికి 50 లీటర్ల చొప్పున లెక్కేసి, ఐదుగురుంటే 300 లీటర్ల ట్యాంకు అంటగడతారు అమ్మేవాళ్లు. పాత బాయిలర్ ఎంతుంటే కొత్తదీ అంతే కొనేవాళ్లూ ఉన్నారు. రెండూ ఉజ్జాయింపులే. కొలవాల్సింది బకెట్‌ని. 20 లీటర్ల బకెట్‌తో ఒకటిన్నర పోసుకుంటే మనిషికి 30 లీటర్లు. ఒంటికి 41 డిగ్రీలు చాలు. ట్యాంకులో 60 డిగ్రీలు, జనవరి పొద్దున కుళాయి నీళ్లు 20 డిగ్రీలు అనుకుంటే, ఆ 30లో వేడివి 16 లీటర్లే. ఐదుగురికి 80. ఒకే రోజు ఇద్దరు తలంటుకుంటే ఇంకో 32, వంటింటి సింకుకి 15. మొత్తం 127. 150 లీటర్లది బిగపట్టినట్టుంటుంది, 200 హాయిగా సరిపోతుంది. 300 పెడితే వాడని నీళ్లని వేడి చేయడమే కాక, కప్పు మీద అదనంగా క్వింటాలు బరువు.

ఈ ఇంట్లో అసలు చిక్కు ఆ బరువే. మద్రాస్ టెర్రస్ అంటే కర్ర దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, పైన సున్నపు కాంక్రీటు. పరుచుకున్న బరువు మోస్తుంది కానీ ఒక్కచోట గుచ్చుకునే బరువుకి లొంగిపోతుంది. నిండిన 200 లీటర్ల సోలార్ స్టాండుతో కలిపి సుమారు 270 కిలోలు. ట్యాంకు వెనక కాళ్ల పైన కూర్చుంటుంది కనుక వెనక ఒక్కో కాలి కింద దాదాపు 100 కిలోలు. ఆ కాలు సున్నపు గచ్చులోకి దిగితే, మొదటి వానకే కింద దూలం తడుస్తుంది. ఏడాదికి చెద.

అందుకని గోడ నుంచి గోడకి రెండు 100 మి.మీ. సీ-చానెళ్లు (సీ ఆకారపు ఇనుప దూలాలు) వేశాం. గోడల మధ్య దూరం 3.6 మీటర్లు. రెండు చివర్లా గోడ నడినెత్తిన కాంక్రీటు దిమ్మె, దాని మీద చానెల్ కనీసం 150 మి.మీ. ఆనాలి. చానెల్ అడుగుకీ గచ్చుకీ నడుమ రెండంగుళాల ఖాళీ వదలాలి, లేకపోతే చెత్త చేరి వాననీళ్లు నిలుస్తాయి. స్టాండు కాళ్లకి చానెల్‌తోనే బోల్టులు. గచ్చుకి ఒక్క బెజ్జం కూడా వద్దు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఏప్రిల్, మే ఈదురుగాలికి ఇది లేచిపోగలదు, కనుక చానెళ్ల చివరలు పిట్టగోడలోకి బిగించాలి.

చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం సోలార్ ట్యాంకు పైభాగం కన్నా కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. ఇక్కడ అది మెట్ల గది కప్పు మీద ఉండటం కలిసొచ్చింది. సోలార్‌కున్న గాలి గొట్టం చన్నీళ్ల ట్యాంకు అంచు కన్నా పైకి లేవాలి, దానికి వాల్వ్ పెట్టకూడదు, మూత బిగించకూడదు. చన్నీళ్లకి మాత్రమే ప్రెషర్ పంపు పెట్టారో, మిక్సర్ కుళాయిలోంచి చన్నీళ్లు వేణ్ణీళ్ల లైన్లోకి ఎదురెక్కి గాలి గొట్టంలోంచి పొర్లుతాయి. సోలార్ పాడైందని ఫిర్యాదు చేస్తారు కానీ తప్పు పంపుది.

గొట్టాలు దక్షిణం వైపుకి 25 డిగ్రీల వాలు. ఎండెక్కాక ఖాళీ గొట్టాల్లోకి నీళ్లు వదిలితే గాజు పగులుతుంది. తెల్లవారక ముందే నింపాలి, లేదా టార్పాలిన్ కప్పి చల్లారనివ్వాలి.

పైపుల్లో ఆగే నీళ్లెన్నో చాలామంది లెక్క చూడరు. ట్యాంకు నుంచి స్నానాలగదికి 22 మీటర్లు. ముప్పావు అంగుళం సీపీవీసీలో (వేణ్ణీళ్లకి వాడే ప్లాస్టిక్ పైపు) మీటరుకి పావు లీటరు పైనే నిలుస్తుంది. అంటే వేడి రాకముందు దాదాపు ఆరు లీటర్లు మోరీలోకి. అర అంగుళంలో రెండున్నర, మూడు లీటర్ల మధ్యే. షవర్ కావాలంటే ముప్పావే ఉండాలి. బకెట్ స్నానాల ఇంటికి అర అంగుళం చాలు, అదే వేశాం. ఎండాకాలంలో వాడకం తగ్గి నీళ్లు బాగా కాగితే సీపీవీసీ మెత్తబడుతుంది కాబట్టి, ట్యాంకు దగ్గర మొదటి రెండు మీటర్లు జీఐ (జింకు పూత ఇనుప పైపు). బయటున్న పైపంతా నురుగు తొడుగు, దాని మీద ఎండకి తట్టుకునే టేపు.

బోరు నీళ్లకి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు చూసి నిర్ణయించొద్దు, అది కాఠిన్యం చెప్పదు. చుక్కల పరీక్ష కిట్ కావాలి. కాఠిన్యం ఎక్కువైతే తెల్లటి గార గొట్టాల అడుగున పేరుకుంటుంది. వీలైతే సోలార్‌కి సంపులోని కావేరి నీళ్లే ఇవ్వండి.

మబ్బు రోజులకి సోలార్ ట్యాంకులోనే హీటర్ పెట్టమంటారు. 200 లీటర్లని 22 నుంచి 55 డిగ్రీలకి తేవడానికి దాదాపు 7.7 యూనిట్లు. కింద 15 లీటర్ల గీజర్‌కి ఒక విడతకి 0.7 యూనిట్ల లోపే, 2 కిలోవాట్లదైతే 20 నిమిషాలు. గ్యాస్ గీజర్ వద్దు: కిటికీ మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, పైగా మిద్దె ట్యాంకు ఒత్తిడికి సరిగ్గా అంటుకోదు కూడా.

మిగిలింది వైరింగ్. పాత లైను మీద గీజర్ వేయకుండా మీటరు బోర్డు నుంచి విడిగా 4 చ.మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) వేయాలి. ఎర్త్ గుంత పరీక్షించాకే గీజర్‌కి కరెంటు.