వాంకూవర్‌లో ఏడీ పని వేరు

హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా (ఏడీగా) చేశాం, కెనడా సెట్లలోనూ అదే పని కదా అనుకుని మెసేజ్‌లు పెడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. పేరు ఒకటే, ఉద్యోగం వేరు.

మన దగ్గర కొత్తగా చేరినవాడే క్లాప్ కొడతాడు, కంటిన్యుటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా రాకుండా బట్టలు, వస్తువుల వివరాలు) రాస్తాడు, హీరోయిన్‌కి తెలుగు రాకపోతే కెమెరా పక్కన నిలబడి డైలాగ్ అందిస్తాడు, మధ్యలో కాస్ట్యూమ్స్ వాళ్లతో గొడవ పడతాడు, అదృష్టం బాగుంటే రాత్రి స్టోరీ సిట్టింగ్‌లో ఓ మూల కూర్చుంటాడు. ఇక్కడ క్లాప్ కెమెరా డిపార్ట్‌మెంట్ వాళ్లది. కంటిన్యుటీ చూడటానికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ వేరే ఉంటారు. ప్రాంప్టింగ్ మాటే లేదు, ఎందుకంటే సౌండ్ అక్కడికక్కడే రికార్డవుతుంది, డబ్బింగ్‌లో చూసుకుందాంలే అంటే కుదరదు.

మరి ఏడీలు చేసేదేంటంటే, టైమ్ నడిపించడం. ఫస్ట్ ఏడీ స్క్రిప్టు విడగొట్టి షెడ్యూల్ వేస్తారు, సెట్లో అందరికన్నా ఎక్కువ వినపడే గొంతు వాళ్లదే (మన కో-డైరెక్టర్ లాగే, తిట్లు తక్కువ). సెకండ్ ఏడీ సెట్ మీద పెద్దగా కనపడరు, ట్రైలర్ల (మన క్యారవాన్ల) దగ్గర రేపటి కాల్‌షీట్‌తో, అంటే రేపు ఎవరు ఎన్నింటికి రావాలో రాసే కాగితంతో, కుస్తీ పడుతుంటారు. ఈ రోజు షూటింగ్ లేటైతే రేపటి టైమ్ కూడా వెనక్కి జరపాలి. ఈ రోజు పని ముగిశాక రేపటి పనిలోపు ఇవ్వాల్సిన విశ్రాంతి గంటలు ఒప్పందంలో రాసి ఉంటాయి, తగ్గిస్తే ప్రొడక్షన్ అదనంగా డబ్బు కట్టాలి.

నేను థర్డ్ ఏడీని. జూనియర్ ఆర్టిస్టులను నడిపించే పని. బార్ సీనైతే చూడాలి, పాట ఆపేస్తారు, యాభై మంది చప్పుడు లేకుండా పెదాలు కదుపుతూ, నవ్వుతూ, లేని పాటకి స్టెప్పులేస్తుంటారు, హీరో మాట ఒక్కటే వినపడాలి. అంతకుముందు పీఏగా (ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా) వాంకూవర్ పక్కనే ఉన్న బర్నబీ వానలో రోడ్డు చివర నిలబడి జనాన్ని ఆపేవాణ్ణి. కుక్కతో వచ్చిన ఓ పెద్దావిడ విసుక్కోకుండా, "ఈసారి మా వీధి ఏ ఊరు?" అనడిగింది. సినిమాలో సియాటిల్ అన్నా.

ఇక అసలు సంగతి. థర్డ్ నుంచి సెకండ్, ఫస్ట్, ఆ పైన మామూలుగా ప్రొడక్షన్ మేనేజర్. మా యూనియన్ డైరెక్టర్స్ గిల్డ్ ఆఫ్ కెనడా 1962 నుంచి ఉంది, డైరెక్టర్లూ ఏడీలూ అందులోనే, అయినా డైరెక్టర్ల దారి, ఏడీల దారి కలవడం అరుదు. పైగా ఇక్కడ ఎక్కువగా తీసేది సిరీస్‌లు. రెండు మూడు ఎపిసోడ్లకోసారి డైరెక్టర్ మారిపోతుంటే ఎవరి దగ్గర శిష్యరికం చేస్తాం?

జీతం మాత్రం వారం వారం పడుతుంది, ఓవర్‌టైమ్‌తో సహా. హైదరాబాద్ కృష్ణానగర్‌లో బేటా (రోజు ఖర్చుల డబ్బు) కోసం మేనేజర్ చుట్టూ తిరిగినవాడికి అది చిన్న విషయం కాదు. కథ గురించి మాత్రం నన్ను ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అడగలేదు. డైరెక్షన్ కోసమే వచ్చేవాళ్లు ఈ డిపార్ట్‌మెంట్‌ని నమ్ముకోవద్దు, సొంతంగా షార్ట్ ఫిల్మ్ తీసుకోండి. నేనూ సెలవు దొరికితే అదే పని మీద ఉంటున్నా.