ఒకటిన్నర ఎంఎల్ కోసం ఇంత రభసా!

నిన్న రాత్రి డ్యూటీ డాక్టర్ మేడమ్ "చీటీ మీద స్టాంపు వేశావా సిస్టర్?" అని, ఆ స్టాంపు చేయించిన నన్నే అడిగారు. ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. అందుకే రాస్తున్నా.

నేను ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుని. 24 నుంచి 34 వారాల్లోపు నొప్పులొచ్చినవాళ్లని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేయకుండా పెద్దాసుపత్రికి పంపకూడదని, ఆ బాధ్యత నాకు అప్పగించారు. పుట్టేలోపు బిడ్డ ఊపిరితిత్తులు కాస్త ఎదగడానికి ఆ ఇంజెక్షన్. మందు, ట్రైనింగ్, గోడకు చార్టు వారంలో అయిపోయాయి. 2 ఎంఎల్ వయల్‌లో (మందు సీసాలో) 8 మిల్లీగ్రాములుంటుంది, కావాల్సింది 6. కొత్త పిల్లలు తికమకపడతారని ట్రేకి ప్లాస్టర్ అంటించి "ఒకటిన్నర ఎంఎల్" అని స్కెచ్‌తో రాశా.

మొదటి కేసు 31 వారాలు. ఉమ్మనీరు పోయింది. రాత్రి 2:40. మేడమ్‌కి ఫోన్ చేస్తే "ఇచ్చేసి పంపేయ్" అన్నారు. ఇచ్చి 108 ఎక్కించా. తెల్లవారుజామున పెద్దాసుపత్రిలో పీజీ చదివే కుర్ర డాక్టర్ నుంచి ఫోన్. చేతికి గ్లవుజులున్నాయని స్పీకర్‌లో పెట్టా, అదే నా ఖర్మ. "మీరు డాక్టరా సిస్టర్? ఎవర్నడిగి స్టెరాయిడ్ ఇచ్చారు?" ఆయమ్మలు, బాలింతల అత్తలు అందరూ విన్నారు. పొద్దున మేడమ్‌ని అడిగితే "నేను చెప్పినట్టు గుర్తులేదే" అనేశారు. పదిహేడేళ్ల సర్వీసు నాది! పైగా సంజాయిషీ రాయమన్నారు.

రాశా, నాలుగు పేజీలు. రిఫర్ చేసేముందు మొదటి డోసు ఊళ్లలో పనిచేసే ఏఎన్ఎం నర్సు కూడా ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే చెప్పింది, ఆ ప్రింటూ జతచేశా. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు ఇలాంటి స్టెరాయిడ్‌ని తల్లుల మీద పరీక్షించి ఫలితం చెప్పింది 1972లో. అప్పటికి ఆ పీజీ అమ్మకే పెళ్లయ్యుండదు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. సారీ కూడా లేదనుకోండి.

నా తప్పూ ఉంది. పెద్దాసుపత్రికి పంపే చీటీ మీద "డెక్సా ఇచ్చాం" అని రాశానే గానీ టైమూ లేదు, డోసూ లేదు. పన్నెండు గంటలకోటి చొప్పున నాలుగు డోసులు పడాలి. మొదటిది ఎప్పుడు పడిందో తెలియకపోతే రెండోది ఎప్పుడని వేస్తారు? అందుకే సొంత డబ్బుతో స్టాంపు చేయించా: డోసు, తేదీ, టైము, చెప్పిన డాక్టరు పేరు, సంతకం.

సిస్టర్లూ, ఫోన్ ఆర్డరు వచ్చిన నిమిషంలోనే కేస్ షీట్‌లో ఎక్కించి పక్క సిస్టర్ చేత సంతకం పెట్టించండి. ఎంత మంచి డాక్టరైనా సరే. కాన్పు దగ్గరపడింది, నాలుగూ పూర్తికావులే అని మొదటిది మాత్రం మానొద్దు.

ఇప్పుడు స్టాంపు ప్యాడ్‌లో ఇంకు అయిపోయింది. కొత్తది కావాలని స్టోర్‌కి ఇండెంట్ పెట్టి పన్నెండు రోజులైంది.