మామూలు పాలు ఉంటే ఇస్తారా

"మామూలు పాలు ఉంటే ఇస్తారా?" అన్నాను, అంతే. టీపాట్ పక్కన చిన్న జగ్గులో ఓట్ పాలు తెచ్చి పెట్టినావిడ అక్కడే ఆగిపోయింది.

"నువ్వు వీగన్ అన్నావు కదా, లవ్?"

వీగన్ అంటే మాంసం, గుడ్డే కాదు, పాలు, వెన్న కూడా ముట్టనివాళ్లు. ఇంగ్లండ్‌లో మా ఊరు లీడ్స్‌లో బస్సు డ్రైవర్ మొదలుకొని అందరూ అందర్నీ లవ్ అనే పిలుస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఆ పిలుపులో చిన్న చురక తగిలింది. "నీ కోసం కుక్ పెనం తోమి, పుట్టగొడుగులు వెన్న లేకుండా విడిగా వేయించింది. హాష్ బ్రౌన్ ఫ్రయ్యర్‌లో వేస్తే చేపలు వేగిన నూనె అంటుతుందని ఓవెన్‌లో పెట్టింది. గుడ్డు, మాంసం వద్దని చెప్తే సరిపోయేదిగా" అంది. కోపంగా అనలేదు. వెళ్లి పాలు తెచ్చింది. నాకే ఆ టీ గొంతు దిగలేదు.

నైట్ షిఫ్ట్ దిగి మా ల్యాబ్ వాళ్లం ఆరుగురం నేరుగా హెడింగ్లీలో ఆ పబ్‌కి వెళ్లాం. శనివారం మధ్యాహ్నమైతే ఆట్లీ రోడ్డంతా చిత్రమైన వేషాలేసుకుని ఒక్కో పబ్బూ తిరిగే కుర్రాళ్లతో నిండిపోతుంది, అందుకే పొద్దున్నే. (పబ్ అంటే అమ్మ ఇప్పటికీ జూబ్లీహిల్స్ ఊహించుకుని బెంగపడుతుంది. ఇక్కడ మా పక్క టేబుల్లో ఒక తాతగారు పేపర్ చదువుకుంటున్నారు, కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతోంది.)

ఇప్పుడు మీకు కొంచెం సంజాయిషీ చెప్పుకోవాలి. నేను వీగన్ కాదు. చివర్లో పెరుగు లేకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు. మూడేళ్ల కిందట వచ్చిన కొత్తలో అందరికీ వెజిటేరియన్ అనే చెప్పేదాన్ని. మొదటి వారంలోనే ఒకచోట వెజ్ శాండ్‌విచ్ అని కొంటే లోపల గుడ్డు. గుడ్డు వెజ్ ఎలా అవుతుందని అడిగితే నన్నే వింతగా చూశారు. మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసుకుంటే చాలు, పాలుంటే ఉండొచ్చు గానీ గుడ్డు ఉండదు. వీళ్ల లెక్కలో పాలు, గుడ్డు ఒకే వరస. ఆ రెండూ వద్దనుకున్న కొందరు 1944లో ఇక్కడే ఒక సొసైటీ పెట్టుకుని, వెజిటేరియన్ అన్న మాట తలా తోకా కలిపి వీగన్ అని పేరు పెట్టుకున్నారు. మధ్యలో నాలాంటి దానికి చోటేది? పాలు తాగి గుడ్డు తిననివాళ్లకి లాక్టో వెజిటేరియన్ అన్న మాట ఉంది. అది అంటే కౌంటర్ దగ్గరున్నవాళ్లు నాకు పాలు పడవేమో అనుకుంటారు.

అందుకని వీగన్ అనడం మొదలుపెట్టాను. ఒక్క మాట, ఇంకేం వివరించక్కర్లేదు. అబద్ధమాడానా అంటే, వీళ్లు రాత్రి భోజనాన్నే టీ అంటారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఇలా ఎంత సర్దిచెప్పుకున్నా లోపల ఒకటి గుచ్చుతూనే ఉంది. మా ల్యాబ్‌లో రక్తం ట్యూబు మీద పేరు తప్పుంటే తిప్పి పంపేస్తాం. వార్డు నుంచి ఫోన్ చేసి "అది ఆయనదే, మాకు తెలుసు" అని బతిమాలినా నేను ఒప్పుకోను. అలాంటిదాన్ని నా మీద నేనే తప్పు లేబుల్ అంటించుకుని మూడేళ్లు తిరిగాను.

పైగా ఆ ప్లేటు చూడండి. గుడ్డు తప్పించుకోవడానికి వీగన్ అంటే, వచ్చింది అచ్చం కోడిగుడ్డు పొరటులా ఉన్న టోఫు, అదే, సోయా పాలతో చేసే పనీర్ లాంటిది. పసుపు వేశారు, అంతవరకూ బాగానే ఉంది. గుడ్డు వాసన రావాలని నల్లుప్పు కూడా వేశారు! మనం చాట్‌లో చల్లుకునే ఉప్పే, ఇక్కడికొచ్చి ఈ పనికి కుదిరింది. మాంసం మానేసినవాళ్లకి ఆ రుచి గుర్తుండి, కావాలనిపిస్తుంది. ఎప్పుడూ తిననిదానికి నాకేం గుర్తుంటుంది? సాసేజ్ కూడా అంతే, చాకుతో ఒకసారి కోసి పక్కన పెట్టాను. మిగతాది మాత్రం బాగుంది. పెద్ద టమాటా సగానికి కోసి కాల్చారు, పైన మిరియాలు. తియ్యటి సాస్‌లో బీన్స్. హాష్ బ్రౌన్, అంటే ఆలూ తురుముతో చేసిన బిళ్ల, దాని అంచులు కరకరలాడుతున్నాయి. దాని మీద బ్రౌన్ సాస్ వేసుకుంటూ సీసా తిప్పి చూస్తే పదార్థాల్లో చింతపండు! తర్వాత ఇంకో రెండుసార్లు వేసుకున్నాను.

బిల్లు కట్టడానికి లేచినప్పుడు వంటగది కిటికీలోంచి ఆ కుక్ కనిపించింది. మోచేతుల దాకా పచ్చబొట్లు, ఒక పొయ్యి మీద బేకన్. పక్కన గోడకి ఆనించి ఒక చిన్న పెనం, ఇంకా నీళ్లు కారుతోంది. మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది. ఆవిడ గిన్నెలూ ఇలాగే విడిగా ఉండేవి, మేం తాకితే ఊరుకునేది కాదు. ఆ మడిలో ఎవరెవర్ని గుమ్మం బయట నిలబెట్టిందో పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆవిడ పెనం వేరు పెట్టింది తన కోసం. ఈవిడ, తను తినేదాన్ని నేను తాకనని తెలిసి కూడా నా కోసం పెట్టింది.

"అదంతా రూల్స్ కోసమేలే" అంది మా ల్యాబ్ అమ్మాయి బస్‌స్టాప్ దగ్గర. నిజమే, పాలు, గుడ్డుతో సహా 14 అలర్జీ పదార్థాల్లో వంటలో ఏమున్నాయో చెప్పాలన్నది ఇక్కడి చట్టం. చెప్పమనే ఉంది. పుట్టగొడుగులు విడిగా వేయించమని లేదు.

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. దారంతా మనసులో అనుకుంటూ వెళ్లి, కౌంటర్ దగ్గర ఒక్క గుక్కలో చెప్పేశాను: వెజిటేరియన్, గుడ్డు వద్దు, పాలూ వెన్నా పర్లేదు, టోఫు వద్దు, దాని బదులు ఇంకో హాష్ బ్రౌన్. ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను ఓ క్షణం చూసి, వంటగది వైపు తిరిగి కేకేసింది.

"ఆ పాల టీ అమ్మాయి వచ్చింది! పుట్టగొడుగులు ఈసారి వెన్నలోనే వేసెయ్!"