అంగుళం పలక మీద నాన్న

శనివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న లేచేసరికి ఇడ్లీ పిండి గిన్నె దాటి ప్లాట్‌ఫారం అంతా పరుచుకుంది. ఆగస్టులో ఈ ఫ్లోరిడా టాంపాలో పిండి రాత్రి బయట పెట్టకూడదని పాతికేళ్ళుగా తెలుసు, అయినా పెడతాను. అది తుడుస్తుంటే గుర్తొచ్చింది, పక్క వీధి ఫ్రెండ్ వాళ్ళ అత్తగారిని ఓర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావాలి. ఫ్రెండ్‌కి హాస్పిటల్లో డ్యూటీ. ఆవిడ హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వస్తున్నారు, ఇంగ్లీషు పెద్దగా రాదు, మొదటిసారి. నాకు ఆవిడ కన్నా ఎక్కువ టెన్షన్.

ఎనిమిదికి బయల్దేరి ఐ-ఫోర్ హైవే ఎక్కాను. లేక్‌లాండ్ దాటాక మెసేజ్ వచ్చింది, విమానం మూడు గంటలు లేటు. వెనక్కి తిరిగితే మళ్ళీ ఇంటికెళ్ళి రావడమే సరిపోతుంది. ముందుకెళ్తే ఎయిర్‌పోర్టులో కుర్చీ పట్టుకుని కూర్చోవాలి. అప్పటికే రోడ్డు మీద డిస్నీ బోర్డులు మొదలయ్యాయి. ఎప్పటి నుంచో వాయిదా వేస్తున్న పని ఒకటి ఉంది. డిస్నీవాళ్ళ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్ వైపు తిప్పేశాను.

సంగతేమిటంటే, ఎప్‌కాట్‌లో మా అమ్మానాన్నల మొహాలున్నాయి.

మా ఆయన వై2కే పని మీద 1999లో వచ్చాడు. తారీకులో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడానికి తెలుగు కుర్రాళ్ళు విమానాలు నింపుకుని వచ్చిన రోజులవి. సరిగ్గా అదే ఏడాది, అదే కొత్త సహస్రాబ్ది సంబరంలో, డిస్నీవాళ్ళు ఎప్‌కాట్ గేటు లోపల పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలు నిలబెట్టి ‘లీవ్ ఎ లెగసీ’ అని మొదలుపెట్టారు. డబ్బు కడితే అక్కడే ఫోటో తీసి, మన మొహాన్ని అంగుళం లోహపు పలక మీద చెక్కి ఆ రాతికి అతికిస్తారు. ఒకరికైతే 35 డాలర్లు, ఇద్దరికైతే 38. 2007 దాకా అమ్మారు. 5 లక్షలకు పైగా పలకలు అయ్యాయి.

2002 వేసవిలో అమ్మానాన్న వచ్చారు. నాన్న మాచర్లలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 38 అనగానే 48తో గుణించి, "పద్దెనిమిది వందల చిల్లర, నా మొహానికా?" అన్నారు. ఇద్దరికీ కలిపి అన్నాను. "అయితే తొమ్మిది వందలు, పర్లేదు" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అమ్మ మాత్రం వెంటనే కదల్లేదు. ఆ దిమ్మెల వంక చూసి, "ఏవిటే ఇది, సమాధుల దొడ్డిలా ఉంది. బతికుండగానే రాళ్ళకి మొహాలేవిటి, అపశకునం" అంది. మా అమ్మ ఒక్కతే కాదు, ఇంగ్లీషు మాట్లాడే డిస్నీ అభిమానులూ చాలా మంది వాటిని సమాధిరాళ్ళనే వెక్కిరించేవారని తర్వాత తెలిసింది.

నాన్నకి మాత్రం అవి వేరేలా కనిపించాయి. వెనక వెండి బంతిలా స్పేస్‌షిప్ ఎర్త్ అనే పెద్ద కట్టడం, ముందు నిలువు రాళ్ళు. "ఆయక స్తంభాల్లా ఉన్నాయే" అన్నారు, బౌద్ధ స్తూపాల దగ్గర నిలబెట్టే రాతి స్తంభాలవి. పల్నాటివాళ్ళకి ఎక్కడికెళ్ళినా నాగార్జునకొండే. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, చాంతిసిరి అనే రాచకుటుంబం ఆవిడ మహాచైత్యం కట్టించి, స్తంభాల మీద తన పేరు చెక్కించింది. నా చిన్నప్పుడు నాన్న లాంచీలో తీసుకెళ్ళి ఆ రాళ్ళ ముందు నిలబెట్టి చదివినట్టు నటించేవారు. ఆయనకి బ్రాహ్మీ లిపి రాదు. పక్కన బోర్డు మీద ఉన్నది ముందే బట్టీ పట్టేవారు.

నాన్న 2014లో పోయారు. అస్థికలు విజయపురి సౌత్ దగ్గర కృష్ణలో కలిపాం. అప్పటి నుంచి నేను ఎప్‌కాట్‌కి వెళ్ళినప్పుడల్లా ముందు ఆ రాయి దగ్గరికే. అక్కడ నిలబడి ఏదో ఒకటి అనేదాన్ని. బాబు ఎస్సేటీ రాశాడు నాన్నా. ఇల్లు మారాం నాన్నా. పిల్లాడికి సిగ్గేసి నాలుగడుగులు దూరంగా నడిచేవాడు.

2019లో గేటు దగ్గర అంతా కొత్తగా కడుతున్నామని ఆ దిమ్మెలు తీసేశారు. పలకలు మాత్రం పారేయలేదు, గేటు బయట వేరే చోట పెడతామన్నారు, పెట్టారు. మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. డబ్బు తీసుకుని, వారసత్వం అని పేరు పెట్టి, ఇప్పుడు బయట పెడతారా అని. నాకైతే కోపం రాలేదు. రావాలేమో అని కాసేపు ప్రయత్నించాను కూడా.

ఎందుకంటే ఆ గేటు ఎవరికోసం? మొదటిసారి వచ్చే పిల్లకోసం. 1982లో ఎప్‌కాట్ తెరిచినప్పుడు లోపలికి అడుగుపెడితే ఫౌంటెను, దాని వెనక ఆ బంతి, మధ్యలో అడ్డమేమీ ఉండేది కాదు. పదిహేడేళ్ళ తర్వాత మా మొహాలన్నీ తెచ్చి మధ్యలో పెట్టారు. ఏడేళ్ళ పిల్ల చెవుల టోపీ పెట్టుకుని పరిగెత్తాల్సిన దారిలో, మనిషికి రెండింతల రాళ్ళు, వాటి నిండా పరాయివాళ్ళ మొహాలు. అందులో ఏటేటా కొంత మంది చచ్చిపోతూ ఉంటారు. నా తండ్రి చావుని ఆ పిల్ల ఎందుకు దాటుకుంటూ వెళ్ళాలి?

గుళ్ళో ట్యూబ్‌లైటు గుర్తొచ్చింది. దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, గోత్రం అన్నీ ఎర్ర రంగుతో రాస్తే, ఇక వెలుతురు రావడానికి చోటుండదు. వెలుగిచ్చినందుకే కదా ఆ పేరు!

అలాగని పీకి పారేస్తామంటే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. డిస్నీవాళ్ళదే ఇంకో పార్కు, మ్యాజిక్ కింగ్‌డమ్ వైపు నీళ్ళ ఒడ్డున 1990లలో పేర్లు చెక్కిన ఆరుపలకల ఇటుకలు అమ్మారు, నడిచే దారిలో పరిచారు. వాటినీ 2019లోనే తీయడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ ఎండకీ వానకీ కాళ్ళకీ చాలా పేర్లు అరిగిపోయాయి. అయినా ఒకడు తన పెళ్ళి రోజు అక్కడ రాయించి ఉంటాడు, ఒకావిడ పోయిన కొడుకు పేరు రాయించి ఉంటుంది. వాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. పేరు అమ్మినవాడు ఆ పేరుని ఎక్కడో ఒకచోట ఉంచాలి అన్నంత వరకే నా లెక్క. ముందు వరసలోనే ఉంచాలని కాదు.

కొంత మంది ఇంకా ముందుకెళ్తారట. తమవాళ్ళ బూడిద తెచ్చి డిస్నీ పార్కుల్లో దొంగచాటుగా చల్లుతారని వాల్ స్ట్రీట్ జర్నల్ 2018లో రాసింది. పార్కువాళ్ళు దాన్ని వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. మనకి కృష్ణ ఉంది, గోదావరి ఉంది. కుండ బోర్లించి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యమని చెప్పేవాళ్ళున్నారు. అలా చెప్పేవాళ్ళు లేనివాళ్ళు ఏం చేస్తారు, బాగా నవ్విన చోటికే తెస్తారు.

సరే, ఇవాళ్టి సంగతి. పదిన్నరకి దిగాను. టికెట్ అక్కర్లేదు, గేటు బయటే కాబట్టి. గొప్ప సౌకర్యమే, కానీ అందరూ బ్యాగులూ స్ట్రోలర్లూ తోసుకుంటూ లోపలికి పోతుంటే నేనొక్కదాన్నే గోడ వంక తిరిగి నిలబడ్డాను. మునుపటి బరువైన గ్రానైటు లేదు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నీడలో ఉన్న పలకలు బాగానే కనిపిస్తున్నాయి, ఎండ పడేవాటి మీద మాత్రం ఏమీ కనపడదు. తల ఒక పక్కకి వంచి, చెయ్యి అడ్డం పెట్టి, మోకాళ్ళ మీద వంగి చూడాలి. ఫోన్లో 2018 నాటి ఫోటో తెరిచి పెట్టుకున్నాను. నాన్నని నేరుగా వెతకడం వల్ల లాభం లేదు, ఇరుగుపొరుగుని వెతకాలి. పైన నోరంతా తెరిచి ఏడుస్తున్న పసివాడు. ఎడం పక్క బట్టతల పెద్దమనిషి, మెడలో టై, నవ్వు లేదు, పాస్‌పోర్టుకి దిగినట్టు.

ఇరవై నిమిషాలు పట్టింది. ముందు బట్టతల దొరికాడు. పక్కనే నాన్న.

చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్ద మొహం. దగ్గరకెళ్తే మొహం పోయి సన్నటి చుక్కలు, గీతలు మాత్రమే మిగుల్తాయి. వెనక్కి వస్తే కళ్ళజోడు, పక్కకి పాపిడి, ఎడమ చెవి కొంచెం బయటికి. ఇంకా వెనక్కి వస్తే ఎండ పడి పలకలో నా మొహమే కనిపించింది, ఆయన మీద పడి, రెండూ కలిసిపోయి. ఆయన వయసుకి నేను పదేళ్ళ దూరంలో ఉన్నాను ఇప్పుడు. అమ్మ ఆయన భుజం పక్కన, కళ్ళు మూసుకుని. ముట్టుకుంటే వేలు కాలింది.

ఏమీ అనలేకపోయాను. వెనక నుంచి ఎవరో ఒకాయన, "మీవాళ్ళు దొరికారా?" అని అడిగాడు. తల ఊపాను. "మావాళ్ళింకా దొరకలేదు" అని పక్క పలకల దగ్గరికి వెళ్ళిపోయాడు. మునుపు లోపల ఉన్నప్పుడు ఎవరూ ఎవరినీ ఇలా అడిగేవారు కాదు, దాటుకుంటూ పోయేవారు. ఇక్కడ నిలబడేవాళ్ళంతా వెతుక్కోవడానికి వచ్చినవాళ్ళే మరి.

నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయ అంతా తవ్వారు. దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి ఎక్కించారు, కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం. చాంతిసిరి పేరు పెట్టుకున్న చోటు నీళ్ళ కింద ఉంది, పేరు మాత్రం మ్యూజియంలో ఉంది. నాన్న దాని గురించి ఎప్పుడూ బాధపడినట్టు నాకు గుర్తు లేదు. కింద పొలాలకి నీళ్ళొచ్చాయి కదా అనేవారు. మా తాతయ్య ఎకరాలు రెండు ఆ కాలవ కిందవే లెండి.

ఫోటో తీసి అమ్మకి పంపాను. మాచర్లలో రాత్రి ఎనిమిది, సీరియల్ టైము. అయినా వెంటనే ఫోన్ చేసింది.

"నేను కళ్ళు మూసుకున్నానేవిటే?"

"అప్పుడు నువ్వే మూసుకున్నావమ్మా."

"ఫోటో తీసినవాడు మళ్ళీ తీస్తానన్నాడు. మీ నాన్నే వద్దన్నారు. మళ్ళీ పద్దెనిమిది వందలు అడుగుతాడేమోనని."

ఇది నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

పెద్దావిడ ఒంటి గంటన్నరకి బయటికొచ్చారు. వీల్‌చైర్ తోస్తున్న అమ్మాయికి అప్పటికే గోంగూర పచ్చడి ఎలా పడతారో చేతులతో చెప్పేశారు. నేను పడిన టెన్షన్ అంతా దండగ. దారంతా కబుర్లే. డేవెన్‌పోర్ట్ దగ్గర వాన కుమ్మేసింది, వైపర్లు చాలలేదు. ఇంటికొచ్చేసరికి మూడున్నర. పొంగిన పిండి పోగా మిగిలినదాంతో పన్నెండు ఇడ్లీలు అయ్యాయి, బాగానే వచ్చాయి.

ఇప్పుడే, పడుకోబోతుంటే, అమ్మ మళ్ళీ ఫోన్. అక్కడ తెల్లవారి ఎనిమిది. కాఫీ తాగుతూ ఫోటో పెద్దది చేసి చూస్తోందట.

"మీ నాన్న పక్కన ఆ బట్టతలాయన ఎవరే?"

"నాకేం తెలుసమ్మా."

"ఇరవై ఏళ్ళ పైనుంచీ పక్కనే ఉన్నాడు, తెలియకపోతే ఎలా" అంది.