చిన్నాయన పర్సుకు ట్యాగు

నల్లగొండ, ఆదివారం.

పొద్దున చాయ్ దగ్గరే చిన్నాయన మొదలుపెట్టాడు. "బిడ్డా, పర్సుల పెట్టే బిళ్ళ ఒకటి కొందాం. పోయిన పర్సు ఎక్కడుందో గది శాటిలైట్‌తోని చూపిస్తదంట గదా?" ప్రకాశం బజార్‌లో మొబైల్ షాపుల ముందు కాసేపు నిలబడితే చాలామంది నోట ఇదే మాట. అమ్మేవాళ్ళూ కాదనరు, బేరం పోతుందని.

శాటిలైట్ ఏమీ లేదు. ఆ బిళ్ళలో, అంటే ట్యాగులో, జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు, నెట్ ఉండదు. ఒక బ్లూటూత్ చిప్పు, ఒక బటన్ సెల్లు, ఒక బుల్లి స్పీకరు, అంతే. కొద్ది సెకన్లకోసారి అది ఒక కోడ్ గాల్లోకి వదులుతుంది. పక్కనుంచి పోయే ఎవరి ఫోనైనా (ఆపిల్ రకం ట్యాగుకు ఐఫోన్, గూగుల్ రకానికి ఆండ్రాయిడ్) ఆ కోడ్ పట్టుకుని, తానున్న లొకేషన్ జతచేసి, తాళం వేసి ఆపిల్‌కో గూగుల్‌కో పంపేస్తుంది. తాళంచెవి మన ఫోన్లో ఉంటుంది. పంపినవాళ్ళకు పంపినట్టే తెలియదు, కంపెనీకి కూడా చదవడం కుదరదు. కాబట్టి మ్యాప్ మీద కనిపించే చుక్క నిజానికి పర్సు దగ్గర్నుంచి పోయిన ఫోన్‌ది. చుక్క పక్కన "ఎంతసేపటి కింద" అని ఉండే మాట చుక్కకన్నా ముఖ్యం. గంట కిందటి చుక్క వెంట పరుగెత్తితే అక్కడ ఏమీ ఉండదు.

ఇది అర్థమైతే ఏది కొనాలన్నది సగం తేలినట్టే. బిళ్ళ ఎంత గట్టిగా కూస్తుంది, డబ్బా మీద ఎన్ని మీటర్లు రాశారు అన్నవి తర్వాతి మాటలు. మన జేబులో ఏ ఫోన్ ఉంది, మనం తిరిగే చోట ఎవరి ఫోన్లు పోతుంటాయి అన్నవి ముందు చూడాలి.

ఐఫోన్ ఉంటే ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ట్యాగ్, లేదా "ఆపిల్ ఫైండ్ మై" అనే వెతికే యాప్‌తో పనిచేస్తుందని డబ్బా మీద రాసిన వేరే కంపెనీ ట్యాగు. ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్‌కు జతకాదు. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్ గెలాక్సీ ఫోన్లకు మాత్రమే. మిగతా ఆండ్రాయిడ్‌లన్నిటికీ గూగుల్ నెట్‌వర్క్ (ఇట్లా కోడ్ పట్టి పంపే ఫోన్ల గుంపు) ట్యాగులు. ఆ నెట్‌వర్క్ 2024 ఏప్రిల్‌లో మొదలైంది, ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్. ఫోన్లో ఆండ్రాయిడ్ 9 గానీ ఆపైన గానీ ఉండాలి. మన దేశంలో 2024 డిసెంబర్‌లో వచ్చిన జియోట్యాగ్ గో ఈ రకమే, అప్పుడు దాని రేటు 1,499 రూపాయలు. జియోట్యాగ్ ఎయిర్ అని ఇంకొకటి ఉంది, అది ఆపిల్ వైపుది. పేర్లు దగ్గర దగ్గరగా ఉండటంతో ఆండ్రాయిడ్ చేతిలో పెట్టుకుని ఎయిర్ తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. డబ్బా తిప్పి వెనకవైపు చదవాల్సిందే.

మూడు నాలుగు వందలకు దొరికే రంగు రంగుల బిళ్ళల సంగతి వేరు. వాటికి సొంత యాప్ ఉంటుంది, నెట్‌వర్క్ ఉండదు. ఇంట్లో సోఫా కింద ఉన్న తాళాలు వెతకడానికి సరిపోతాయి. బస్సులో పోయిన పర్సుకు పనికిరావు. బ్లూటూత్ తెగిపోయిన చోటు ఒకటి చూపించి ఊరుకుంటాయి. సెకండ్ హ్యాండ్ ఎయిర్‌ట్యాగ్ తక్కువకు వస్తుందంటే, పాత యజమాని తన ఖాతా నుంచి దాన్ని తీసేశాకే డబ్బులివ్వాలి. లేకపోతే మన ఫోన్‌కు జతే కాదు.

చిన్నాయనది ఆండ్రాయిడ్, గెలాక్సీ కాదు. అందుకని దారి ఒక్కటే మిగిలింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

గూగుల్ నెట్‌వర్క్‌లో ప్రతి ఫోన్‌కూ ఒక సెట్టింగ్ ఉంటుంది, నాలుగు ఎంపికలతో. పూర్తిగా ఆఫ్, నెట్‌వర్క్ లేకుండా, రద్దీ చోట్ల మాత్రమే, అన్ని చోట్లా. ఎవరూ ముట్టుకోకపోతే అది "రద్దీ చోట్ల మాత్రమే" మీద ఉంటుంది. ఆ స్థితిలో ఒక్క ఫోన్ మన ట్యాగును చూస్తే చాలదు. కొన్ని ఫోన్లు అదే ట్యాగును చూసి పంపితేనే ఆ లొకేషన్ మన దాకా వస్తుంది. ఒంటరిగా ఉన్న ఇళ్ళను ఎవరూ కనిపెట్టకుండా గూగుల్ పెట్టుకున్న జాగ్రత్త అది, తప్పు పట్టలేం. కానీ గడియారం సెంటర్‌లో, బస్టాండ్‌లో, చెరువుగట్టు జాతరలో ఈ లెక్క బాగా నడుస్తుంది. కనగల్ అవతల మా బత్తాయి తోటలో నడవదు. అక్కడ పొద్దంతా పోయే ఫోన్లు వేళ్ళమీద లెక్క, అందులోనూ సగం ఫోన్లలో డేటా ఆఫ్, లొకేషన్ ఆఫ్. బ్యాటరీ మిగలాలని అందరూ అవే ముందు ఆపుతారు.

ఆపిల్ వైపు ఈ షరతు లేదు, ఒక్క ఐఫోన్ పోయినా చుక్క కదులుతుంది. కానీ తోట దారిలో ఐఫోన్ ఎప్పుడు పోవాలి? దేవరకొండ రోడ్డు మీద హైదరాబాద్ కార్లు పోతాయి కాబట్టి రోడ్డు పక్కన పడితే ఆశ ఉంటుంది. రోడ్డు దిగితే లేదు.

అందుకే మనం కొన్న ట్యాగు ఎంత బాగా పనిచేస్తుందన్నది మన ఫోన్ సెట్టింగ్ కంటే పక్క చేను వాళ్ళ ఫోన్ల సెట్టింగ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నమ్మ ఫోన్, తమ్ముడి ఫోన్ తీసుకుని ఆ పని చేశాను. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఫైండ్ హబ్, అందులో ఆఫ్‌లైన్ పరికరాలను వెతికే ఆప్షన్, చివరగా "అన్ని చోట్లా". ఫోన్‌కు పిన్ గానీ ప్యాటర్న్ గానీ ఉండాలి, ఆ తాళం మీదే ఈ వ్యవహారమంతా నడుస్తుంది. చిన్నమ్మ ఫోన్‌కు లాక్ లేదు. "తెరిచేందుకు ఇబ్బందైతది" అంది. యూపీఐ ఉన్న ఫోన్ లాక్ లేకుండా తిరుగుతోందని చెబితే అప్పుడు ఒప్పుకుంది.

ఇక బిళ్ళా, కార్డా?

ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఎయిర్‌ట్యాగ్ 8 మిల్లీమీటర్లు, అంటే పది కార్డులు పేర్చినంత. జియోట్యాగ్ గో 7. మడిచే తోలు పర్సులో అంత గడ్డ పెడితే పర్సు మూసుకోదు, కుట్లు పిగులుతాయి, వెనక జేబులో ఒకవైపు ఒత్తుకుంటుంది. తాళాలకూ సంచికీ బిళ్ళ మంచిది. పర్సుకు కార్డు ఆకారంలో వచ్చేవి మేలు, వాటి మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోపే, మూడు కార్డుల లెక్క. వాటిలో సెల్లు మార్చుకునే వీలు ఎందుకుండదని తమ్ముడు అడిగాడు. బిళ్ళల్లో వేసే సెల్లు సీఆర్2032. ఆ నంబరులోనే కొలత ఉంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సెల్లే 3.2 అయితే రెండున్నర కార్డులో ఎట్లా ఇముడుతుంది? అందుకే కార్డు ట్యాగుల్లో పలచటి బ్యాటరీ పెట్టి సీలు వేస్తారు. రెండు మూడేళ్ళు వస్తుందని రాసినవి అయిపోయాక పారేయాలి. వైర్‌లెస్ చార్జింగ్‌వి కొన్ని నెలలకోసారి ప్యాడ్ మీద పెట్టాలి. ఇంట్లో ఆ ప్యాడ్ లేకపోతే దాని ఖర్చు కూడా కలుపుకోవాలి. నా లెక్కలో, చార్జింగ్ మర్చిపోయే మనిషికి సీలు వేసిందే నయం. చార్జ్ అయిపోయిన ట్యాగు పర్సులో ఉత్త ప్లాస్టిక్ ముక్క.

కార్డు ట్యాగుకు ఒక బలహీనత ఉంది, వంగితే లోపలి అతుకులు తెగుతాయి. వెనక జేబులో పెట్టి బండి మీద గుంతల రోడ్డున పోతే మెల్లమెల్లగా పని అయిపోతుంది. చిన్నాయనకు ఆ బాధ లేదు. ఆయన పర్సు బనీనుకు కుట్టించుకున్న లోపలి జేబులో ఉంటుంది. అయితే అక్కడ ఇంకో అడ్డం. ఒంట్లో నీళ్ళు ఎక్కువ, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను నీళ్ళు మింగేస్తాయి. ఒంటికి అంటుకుని ఉన్న ట్యాగు అవతలివైపు ఫోన్లకు సరిగా వినపడదు. పర్సు కిందపడ్డాక ఒళ్ళు అడ్డం ఉండదు కాబట్టి అసలు అవసరానికి నష్టం లేదు.

లోహం మాత్రం నిజమైన శత్రువు. నొక్కితే కార్డులు బయటికి వచ్చే అల్యూమినియం పర్సులో ట్యాగు లోపల పెడితే సిగ్నల్ బయటికి రాదు. "ఆర్ఎఫ్ఐడీ రక్షణ" అని, అంటే కార్డును ముట్టకుండా ఎవరూ చదవలేరని, అమ్మే పర్సుల్లో లోపల రేకులాంటి పొర ఉంటుంది, అదీ అడ్డమే. ట్యాగును ఆ పొరకు బయటివైపు, నోట్ల అరలో పెట్టాలి. ఇంట్లో బీరువా కూడా ఇనుప డబ్బానే. సాయంత్రం, కొన్న ట్యాగుతోనే చూశాం. మంచం మీద చీరల మడతల కింద పెట్టినప్పుడు హాలు దాకా వినిపించిన మోత, బీరువాలో పెట్టి తలుపు మూయగానే ఆగిపోయింది. తలుపు రెండు వేళ్ళంత తెరిచేసరికి ఫోన్‌కు మళ్ళీ దొరికింది. డబ్బా మీద రాసే డెసిబెల్ లెక్కలు ట్యాగు పక్కనే కొలిచినవి, గుడ్డల్లో అంత మోత రాదు.

సెల్లు మార్చే రకమైతే ఒక మాట. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు బటన్ సెల్లు మీద చేదు పూత పూస్తాయి. ఆ పూత కొన్ని ట్యాగుల్లో కరెంటు ముట్టనీయదు, కొత్త సెల్లు వేసినా ట్యాగు లేవదు. ఎయిర్‌ట్యాగ్ విషయంలో ఆపిల్ కూడా ఈ సంగతి చెప్పింది. తీసిన పాత సెల్లు కిటికీ మీద వదలొద్దు. పసిపిల్ల మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. అట్లాంటప్పుడు అరటిపండు తినిపిస్తూ కూర్చోవద్దు, నేరుగా దవాఖానకు పోవాలి.

జత చేయడం తేలిక. బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేసి, ప్లాస్టిక్ నాలుక లాగి లేదా బటన్ నొక్కి, ఫోన్ దగ్గర పెడితే తెర మీద అదే వస్తుంది. పేరు "పర్సు" అని పెట్టాం. తమ్ముడి ఫోన్‌కు కూడా షేర్ చేశాం, చిన్నాయన ఫోన్, పర్సు రెండూ ఒకేసారి పోతే వెతకడానికి ఒకరుండాలి. పోయినట్టు గుర్తుపెట్టినప్పుడు కనిపించే సందేశంలో ఇచ్చే నంబరు కూడా తమ్ముడిదే. చాలామంది అక్కడ తమ నంబరే ఇచ్చుకుంటారు, ఆ ఫోన్ కూడా పోయిన రోజున దొరికినవాడు ఎవరికి చేయాలి?

పర్సును ఎక్కడో వదిలి నడిచిపోతే ఫోన్ హెచ్చరించే సదుపాయం ఐఫోన్‌లో ఉంది, ఇంటిని దాన్నుంచి మినహాయించుకోవచ్చు కూడా. మిగతా వాటిలో కొనేముందే అడగాలి. మర్చిపోయే మనిషికి మ్యాప్ కన్నా ఆ హెచ్చరికే ఎక్కువ పనికొస్తుంది.

దొంగల విషయానికి ఈ ట్యాగు మందు కాదు. తెలియని ట్యాగు వెంట వస్తోందని ఎత్తుకుపోయినవాడి ఫోన్ వాడికే చెబుతుంది. మనుషుల వెంటపడటానికి ట్యాగులు వాడుతున్నారని, ఆపిల్, గూగుల్ 2024లో రెండు రకాల ఫోన్లలోనూ ఈ హెచ్చరిక తెచ్చాయి. అది ఉండాల్సిందే. వాడు తీసి పారేస్తే చుక్క అక్కడే ఆగుతుంది. కాబట్టి పర్సు పోయిందని తెలిసిన వెంటనే చేయాల్సింది కార్డులు బ్లాక్ చేయించడం, ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం. మ్యాప్ తర్వాత. చుక్క ఎవరి ఇంటి మీదో కనిపిస్తే తలుపు కొట్టకుండా స్టేషన్‌కు పోవాలి. ఇరుకు సందుల్లో ఆ చుక్క పక్కింటిది కూడా కావచ్చు, కింద అంతస్తో పైదో అసలు తెలియదు.

బస్సులో పడితే చుక్క నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ అని గంతులేస్తూ పోతుంది. బండిలో ఉన్నవాళ్ళ ఫోన్లే చూపిస్తుంటాయి కాబట్టి ఇలాంటప్పుడు ట్యాగు బాగా పనిచేస్తుంది. వెంట పడకుండా డిపోకు చెబితే కండక్టర్‌కు కబురు పోతుంది. టికెట్ ఉంటే ఏ డిపో బండో తెలుస్తుంది. కాకపోతే ఆ టికెట్టు పెట్టేదీ పర్సులోనే. అందుకే ఎక్కేటప్పుడు బండి నంబరు ఫోటో తీసుకోమన్నాను. చిన్నాయన వింటాడని నమ్మకం లేదు.

కార్డు రకమే తీసుకున్నాం, గూగుల్ నెట్‌వర్క్‌ది, సీలు వేసింది. కొన్న నెల, సంవత్సరం దాని వెనక మార్కర్‌తో రాశాను, ఎప్పుడు చచ్చిపోతుందో అంచనా ఉండాలని. రేపు పొద్దున తోటకు పోయినప్పుడు తోటమాలి ఫోన్, బత్తాయి ఎత్తుకుపోయే డీసీఎం డ్రైవర్ ఫోన్ అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే ఆ సెట్టింగ్ మార్చాలి.