తొక్కే ముందు రెక్కలు చూడాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో పెరిగే పిల్లలకు స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై గురించి చెప్పక్కర్లేదు. చెట్ల రసం పీల్చి పాడుచేసే చుక్కల రెక్కల పురుగు అది. 2014లో బర్క్స్ కౌంటీలో బయటపడ్డప్పటి నుంచి, కనిపిస్తే తొక్కేయమనే మాటే ఎక్కడ చూసినా. ఆ హడావిడిలో చుక్కలున్న వేరే పురుగులు కూడా చెప్పుల కింద పడిపోతున్నాయి. నాకు బాధంతా ఎయిలాంథస్ వెబ్‌వార్మ్ మాత్ అనే చిమ్మట గురించే.

వాలినప్పుడు రెక్కల్ని ఒంటికి గట్టిగా చుట్టేసుకుంటుంది కాబట్టి సన్నటి పెంకుపురుగేమో అనిపిస్తుంది. విప్పితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మూడు సెంటీమీటర్లే. ముందు రెక్కలు మంచి నారింజ రంగు. వాటి మీద నల్లటి అంచుల మధ్య లేత పసుపు చుక్కలు, ముగ్గుకి పెట్టినట్టు వరసగా. పట్టపగలే పూల మీద తిరుగుతుంది.

1856లో న్యూయార్క్ కీటక శాస్త్రవేత్త ఏసా ఫిచ్ దీనికి ఆరియా అని శాస్త్రీయ నామం పెట్టాడు. చాలాకాలం ఇపోనోమ్యూటిడే కుటుంబంలో ఉంచి, ఇప్పుడు అటెవిడే అని వేరు చేశారు. ఒకే జాతి అనుకున్నది నిజానికి రెండని 2010లో డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు.

మా అమ్మాయికి మాత్రం దాని ప్రయాణమే నచ్చింది. అసలు ఇది దక్షిణ ఫ్లోరిడా, మధ్య అమెరికా వైపుది. చైనా చెట్టు ట్రీ ఆఫ్ హెవెన్‌ని 1784లో ఫిలడెల్ఫియాకి తెచ్చారు. అది దేశమంతా పాకాక, దాని ఆకు తింటూ ఈ మాత్ ఉత్తరాదికి వచ్చింది. ఇక్కడి చలికి తట్టుకోలేదు, ఏటా వేసవిలో మళ్లీ వస్తుంది.

ఆ చెట్టుకి మన పెద్దమాను దగ్గరి చుట్టం. దాని మీద కూడా ఇదే ప్రజాతి మాత్ ఉంటుంది, అటెవా ఫాబ్రిసియెల్లా. దాని గొంగళిపురుగులు ఆకుల మధ్య దారాలతో గూళ్లు అల్లుకుంటాయి. ఆ సంగతి మా అమ్మాయి అనంతపురంలో ఉన్న తాతయ్యకు చెబితే, "మేకలకు ఆకు కోసేటప్పుడు ఆ గూళ్లు చూసేవాళ్లం తల్లీ" అన్నారు. అంతకుముందు "తిన్నావా, చదువుకుంటున్నావా" దగ్గరే ఫోన్ అయిపోయేది. వారాంతపు తెలుగు క్లాసు మాటలు నేర్పింది, నిజమే. కానీ పిల్లలకి మాట్లాడటానికి విషయం కూడా ఉండాలని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు గూడుకి, చెదపుట్టకి తేడా ఏమిటని తెలుగులోనే అడుగుతోంది.

తాతయ్య పెద్దమాను ఆకుల మీద వాలిన మాత్ ఫోటోలు పంపారు. చుక్కలు లెక్కపెట్టడానికి రావట్లేదట, దగ్గరగా మళ్లీ తీయమని చెప్పింది.